గోడ మీద ఉక్కు గది: మెరుపు రంగుది, మన్నిక గోడది

విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ఇసుక మీద నిలబెట్టిన జలాంతర్గామి కుర్సురను చూడనివారు ఈ ప్రాంతపు పల్లెల్లో తక్కువ. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరిన ఈ నౌక 31 సంవత్సరాలు సముద్రంలో పనిచేసి 2001లో విశ్రాంతి పుచ్చుకుంది. 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. పద్మనాభం, ఆనందపురం, భీమిలి వైపు నుంచి పెళ్ళి బట్టలకో, ఆసుపత్రి పనికో పట్నం వచ్చినవారు సాయంకాలం పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళడం పరిపాటి.

91 మీటర్ల పొడవున్న ఆ ఇనుప గొట్టంలోకి తల వంచి దూరితే లోపల అంతా లోహమే. గుండ్రటి ద్వారాలు, గోడల నిండా గొట్టాలు, చేత్తో తిప్పే చక్రాలు, ముళ్ళు కదిలే మీటర్లు, ఒకదానిపై ఒకటిగా ఇరుకు పడకలు. డెబ్బై మందికి పైగా నావికులు అందులోనే తిని, అందులోనే పడుకునేవారని తెలిసి పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు. పిల్లల సంగతి వేరు. బయటకు వచ్చిన పిల్లవాడు అడిగే మాట ఒకటే. "నాన్నా, మన ఇంట్లో నా గది ఇలా చేయించవా?"

చేయించవచ్చు. ఇనుప రేకులు అక్కరలేదు. ఉక్కులా, రాగిలా, ఇత్తడిలా కనిపించే రంగులు ఇప్పుడు బజారులో దొరుకుతున్నాయి. కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు పిల్లల గదిని ఓడలా, పూజ గదిని ఇత్తడి మందిరంలా రంగుతోనే చేయించుకోవచ్చు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. అయితే సముద్రపు గాలి తగిలే చోట ఈ ముచ్చట ఒక్క వానాకాలంతో ముగిసిపోవడానికి కూడా అవకాశం ఉన్నది. పాత ఇంటిలో చేయిస్తే పిల్లల ఆరోగ్యానికి చేటు తెచ్చే ప్రమాదమూ లేకపోలేదు. అందుచేత డబ్బాలో ఏమున్నదో, గోడలో ఏమున్నదో తెలుసుకున్న తరువాతే మేస్త్రిని పిలవడం మంచిది.

భీముడి గద నుంచి

లోహం కానిదానికి లోహపు రంగు వేయడం మనవారికి కొత్త విద్య కాదు. పల్లెలో నాటకం వేసినప్పుడు భీముడి చేతిలోని గద చెక్కదే. దుర్యోధనుడి కిరీటం అట్టదే. పెట్రోమాక్స్ వెలుగులో అవి బంగారంలా, వెండిలా మెరిసేవి. తీర్థాలలో దేవుడిని ఊరేగించే చెక్క వాహనాలకు బంగారు రంగు పూయడం ఈనాటికీ ఉన్నది. తెలంగాణలోని నిర్మల్ చిత్రకారులు నల్లటి నేల మీద బంగారు వర్ణంతో గీసిన బొమ్మలు దేశమంతటా పేరు పొందాయి.

ఇంటి వాకిలి గేటుకు, బట్టల ట్రంకు పెట్టెకు వేసే వెండిరంగు కూడా ఈ కోవలోదే. అది వెండి కాదు, అల్యూమినియం. దీపావళి చిచ్చుబుడ్లలో తెల్లటి వెలుగునిచ్చేది కూడా ఆ అల్యూమినియం పొడే.

డబ్బాలో ఉండే మూడు రకాలు

లోహపు మెరుపునిచ్చే రంగులలో ముఖ్యంగా మూడు రకాల పొడులు ఉంటాయి.

మొదటిది అల్యూమినియం. దీనిని సన్నటి రేకుల్లా నలిపి, కొవ్వు వంటి పదార్థం పట్టించి వార్నిష్‌లో కలుపుతారు. గోడకు పూయగానే ఆ రేకులు పైకి తేలి, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. అందుకే అంత మెరుపు. ఆ పొలుసుల పొర నీటి చెమ్మను సులువుగా లోపలికి పోనివ్వదు. రైలు వంతెనలకు, చమురు ట్యాంకులకు వెండిరంగు వేయడానికి ఇది కూడా ఒక కారణం.

రెండవది బంగారు పొడి. దుకాణంలో ఈ పేరుతో అమ్మేది రాగి, తగరం కాని మరో లోహమైన జింకు, అంటే తుత్తునాగం, కలిసిన ఇత్తడి పొడి. కొత్తలో ధగధగలాడుతుంది. అయితే ఇత్తడి చెంబును తోమకుండా వదిలేస్తే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. ఉప్పు గాలికి, చెమ్మకు క్రమంగా నల్లబడుతుంది, చిలుము పడుతుంది. చెంబునయితే చింతపండుతో తోమవచ్చు. గోడను తోమలేము.

మూడవది అభ్రకం. పాత ఇస్త్రీపెట్టెలో వేడి తీగ చుట్టి ఉండే పలచటి పలక ఇదే. అభ్రకాన్ని మెత్తటి రేణువులుగా చేసి, వాటిపై టైటానియం ఆక్సైడ్, ఇనుప ఆక్సైడ్ వంటి పొరలు పట్టిస్తారు. ఆ పొర మందాన్ని బట్టి వెండి, బంగారం, కంచు, రాగి ఛాయలు వస్తాయి. ఇందులో నిజమైన లోహపు పొడి లేదు గనుక చిలుము పట్టే ప్రశ్న లేదు. నీటితో కలిపే రంగులలో దీని వాడుక ఎక్కువ. నెల్లూరు అభ్రకం అని పేరు పొందిన గూడూరు ప్రాంతపు ఖనిజం దేశదేశాలకు ఎగుమతి అయినదన్న సంగతి మన రాష్ట్రం వారికి తెలిసినదే.

సముద్ర తీరపు ఇళ్ళలో లోపలి గోడలకు ఈ మూడవ రకం అన్నిటికంటె అనువైనది. డబ్బా కొనేముందు అది నీటి రంగా, నూనె రంగా, లోపలి గోడకా, ఇనుముకా అన్నది చదివించుకోవాలి.

గోడ తడిస్తే మెరుపే శత్రువు

చెమ్మను ఆపే గుణం ఇనుప వంతెనకు మేలు చేస్తుంది. అదే గుణం తడి గోడకు కీడు చేస్తుంది. గోడ లోపలి నీరు బయటికి రావాలని చూస్తుంది. దారి లేక రంగును వెనుక నుంచి నెడుతుంది. ముందు చిన్న పొక్కులు లేస్తాయి. తరువాత పెచ్చులు ఊడతాయి. సున్నం వేసిన గోడ తడిస్తే మరక పడి ఊరుకుంటుంది. మెరిసే రంగు వేసిన గోడ తడిస్తే అరచేతులంత పెచ్చులు రాలుతాయి.

కొత్త ఇళ్ళలో ఈ బెడద మరీ ఎక్కువ. వానాకాలంలో గోడ లేస్తుంది. గచ్చు పూత ఆలస్యమవుతుంది. ఇంతలో మాఘమాసంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించి ఉంటారు. బంధువులకు కార్డులు పంచేసి ఉంటారు. తాపీ పని ముగిసిన పది రోజులకే రంగుల మేస్త్రి నిచ్చెన వేస్తాడు. గృహప్రవేశం నాడు గది అద్దంలా ఉంటుంది. భవిష్యనిధి నుంచి తీసిన సొమ్మో, ఆడపిల్ల పెళ్ళికని దాచిన సొమ్మో దానికి ఖర్చయి ఉంటుంది. మరుసటి వానలకు ఆ సొమ్ము పెచ్చులై నేల మీద పడుతుంది. తప్పు రంగుదని ఇంటివారు, గోడదని మేస్త్రి వాదించుకోవడం మిగులుతుంది.

సిమెంటు పూత పూసిన తరువాత కనీసం వారం రోజులు నీళ్ళు కొట్టాలి. ఆ పైన సుమారు నెల రోజులు ఆరనివ్వాలి. ముసురు పట్టిన రోజులలో ఇంకా ఎక్కువ పడుతుంది. కొత్త సిమెంటులో, సున్నంలో ఉండే క్షారం నూనె రంగును సబ్బులా మార్చి మెత్తబరుస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

గోడ ఆరిందో లేదో తేల్చుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఉన్నది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించాలి. ఒక పగలు, ఒక రాత్రి వదిలేయాలి. తీసి చూసినప్పుడు లోపలి వైపు నీటి బొట్లు కనిపించినా, ఆ మేరకు గోడ నల్లబడినా ఇంకా తడి ఉన్నట్లే. ముహూర్తం దగ్గరపడితే ఆ గదికి మామూలు సున్నమో, పలచటి తెల్లరంగో వేసి పాలు పొంగించుకోవచ్చు. మెరుపు రంగు వేసవిలో వేయించుకున్నా దేవుడు కోపగించుకోడు.

పాత గోడలకు చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు పట్టుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడినప్పుడు గాలితో కలిసిన వాన గోడల పగుళ్ళలోకి ఎలా చొచ్చుకుపోతుందో జిల్లా అంతా చూసింది. శ్లాబు అంచు, కిటికీ పైభాగం, నీటి గొట్టం పోయే చోటు, నేలకు ఆనిన మూరెడు ఎత్తు గోడ, ఈ నాలుగూ చూడాలి. గోడపై తెల్లటి పొడిలా ఉప్పు పొంగితే అది లోపల నీరు నడుస్తున్నదనడానికి గుర్తు. దాన్ని పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. నీటి దారి మూయకుండా పైన ఎన్ని పూతలు వేసినా వృథా.

పాత రంగు గోకేటప్పుడు

అన్నిటికంటె జాగ్రత్త పడవలసిన ఘట్టం ఇదే. పాత ఇళ్ళ తలుపులకు, కిటికీలకు, గోడల కింది భాగానికి వేసిన ఎనామెల్ రంగులలో సీసం ఉండే అవకాశం ఉన్నది. పసుపు, ఎరుపు, ఆకుపచ్చ వంటి కొట్టొచ్చే రంగులలో ఇది మరీ ఎక్కువ. ఓడలకు, వంతెనలకు ఒకప్పుడు ప్రైమరుగా వాడిన సిందూరం కూడా సీసమే. రంగుకు నిగ్గు రావడానికి, త్వరగా ఆరడానికి సీసం కలిపేవారు.

సీసం ఒంట్లో చేరితే ముందుగా దెబ్బ తినేది పిల్లల మెదడు. చదువులో వెనుకబాటు, రక్తహీనత వంటివి వస్తాయి. ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశంలో ఇంటి రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అంటే అంతకు ముందు వేసిన రంగు ఏదైనా అనుమానించవలసినదే.

గోడ మీదనో, తలుపు మీదనో చెక్కుచెదరకుండా ఉన్నంత కాలం ఆ రంగు వల్ల హాని తక్కువ. పొడి గరుకు కాగితంతో రుద్దినప్పుడు దుమ్మయి గదంతా పరుచుకుంటుంది. నేల మీద పాకే బిడ్డ చేతికి అంటుతుంది. ఆ చెయ్యి నోట్లోకి పోతుంది. పిల్లవాడి ముచ్చట కోసం గది చేయిస్తూ, ఆ దుమ్ము మధ్యనే పిల్లవాడిని ఆడుకోనివ్వడం కంటె పొరపాటు లేదు.

అందుచేత పాత ఎనామెల్‌ను తడిపి రుద్దాలి. పొడిగా రుద్దరాదు, మంట పెట్టి కాల్చరాదు. పని జరిగే రోజులలో పిల్లలను, గర్భిణులను ఇంటికి దూరంగా ఉంచాలి. అమ్మమ్మ గారి ఊరు పంపడం ఉత్తమం. మేస్త్రి ముక్కుకు గుడ్డ కాకుండా సరైన మాస్కు కట్టుకోవాలి. చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి. రాలిన పెచ్చులు మూటగట్టి పారవేయాలి. పెరట్లో, కోళ్ళు తిరిగే చోట, బావి దగ్గర వేయరాదు. పనిచేసినవారు అన్నం తినే ముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోవాలి, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

నునుపు పనికే సగం రోజులు

మామూలు రంగు గోడలోని చిన్న లోపాలను దాస్తుంది. మెరిసే రంగు వాటిని ఎత్తి చూపుతుంది. వేలి గంటు కూడా దూరం నుంచి కనిపిస్తుంది. విశాఖ నౌకా నిర్మాణ కేంద్రం నుంచి 1948లో జల ఉష జలప్రవేశం చేసిన నాటి నుంచి ఓడ పని ఎరిగిన ఊరు ఇది. ఓడ రేకుకు రంగు వేసే ముందు మిల్లు పొట్టును, తుప్పును పూర్తిగా వదలగొట్టడం ఆ పనిలో మొదటి సూత్రం. ఇంటి గోడకూ అదే సూత్రం.

సున్నం వేసిన గోడ అయితే వదులుగా ఉన్న సున్నమంతా గోకివేయాలి. చేత్తో రాస్తే తెల్లగా అంటుకునే గోడ మీద ఏ రంగూ నిలవదు. పగుళ్ళు పూడ్చి, పలచగా రెండు సార్లు లప్పం పెట్టాలి. ఒకేసారి మందంగా పెడితే పగులుతుంది. ఆరిన తరువాత 180 నంబరు, ఆ తరువాత 320 నంబరు గరుకు కాగితంతో రుద్దాలి. రాత్రి వేళ టార్చిలైటును గోడకు పక్కగా ఆనించి వేస్తే ఎత్తుపల్లాలు నీడలుగా కనబడతాయి. అక్కడ మళ్ళీ లప్పం, మళ్ళీ రుద్దుడు. దుమ్ము తుడిచి ప్రైమరు ఒక పూత వేయాలి. మేస్త్రి ఈ పనికే సగం రోజులు తీసుకున్నాడంటే జాగు చేస్తున్నాడని అనుకోరాదు.

ఉక్కు రేకులు

ఇక అసలు పని. ముదురు బూడిద రంగు అడుగు రంగుగా రెండు పూతలు వేయాలి. ఆరిన తరువాత నూలు దారం పట్టి గోడను మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల ఎత్తు పలకలుగా గీయాలి. మాస్కింగ్ టేపు అంటించి ఒక పలక విడిచి ఒక పలకకు వెండి ఛాయ రంగు పూయాలి. అందులో బ్రష్ నిలువుగానే నడవాలి. అవి ఆరిన తరువాత మిగిలిన పలకలకు అదే రంగు అడ్డంగా పూయాలి.

కిటుకు ఇక్కడే ఉన్నది. రంగు ఒకటే అయినా బ్రష్ నడిచిన తీరును బట్టి వెలుతురు ఒక పలక మీద ఒకలా, పక్క పలక మీద ఇంకొకలా పడుతుంది. చూసేవారికి వేర్వేరు రేకులు అతికించినట్లే తోస్తుంది. పలకల నడుమ సన్నటి బ్రష్‌తో నల్లటి గీత, దాని పక్కనే వెంట్రుకంత తెల్లటి గీత గీస్తే రేకు అంచు పైకి లేచినట్లు ఉంటుంది.

రివెట్ల కోసం సగం గుండ్రంగా ఉండే పూసలు గాని, పాత చొక్కా గుండీలు గాని బంకతో అంచుల వెంట అతికించాలి. అన్నీ ఒకే ఎడంలో ఉండాలి. రంగు వేయడానికి ముందే అతికిస్తే రేకులో భాగంగా కలిసిపోతాయి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలున్న ఇంట్లో మాత్రం పూసలు వద్దు. నల్లటి చుక్క పెట్టి దాని మీద చిన్న తెల్ల చుక్క పెడితే రివెట్ తల వచ్చినట్లే.

రాగి గొట్టం, ఇత్తడి కిటికీ

గోడ వెంట ఒకటి రెండు ప్లాస్టిక్ గొట్టాలు బిగిస్తే చాలు, ఓడ కళ వచ్చేస్తుంది. గొట్టాన్ని గరుకు కాగితంతో రుద్ది, ప్లాస్టిక్‌కు పనికివచ్చే ప్రైమరు వేయాలి. అడుగున ఇటుక రంగు, పైన రాగి ఛాయ. గొట్టం పొడవునా ఒక సన్నటి లేత గీత లాగితే గుండ్రదనం కనిపిస్తుంది. కీళ్ళ దగ్గర లేత నీలి ఆకుపచ్చ రంగును స్పాంజితో అద్ది, వెంటనే గుడ్డతో తుడిస్తే చిలుము పట్టిన రాగి తయారవుతుంది.

ఓడ కిటికీకి గుండ్రటి చెక్క చట్రం కావాలి. యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక హస్తకళాకారులు చెక్కను గుండ్రంగా తిప్పడంలో తరతరాలుగా ఆరితేరినవారు. వారి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇటువంటి చట్రాలకు చెక్క పని తెలిసినవారిని ఆశ్రయిస్తే దుకాణపు ప్లాస్టిక్ కంటె నాణ్యంగా ఉంటుంది. చట్రానికి ముదురు పసుపు అడుగు రంగు వేసి, దానిపై అభ్రకపు బంగారు ఛాయ పూయాలి. గాళ్ళలో పలచటి గోధుమ రంగు పోసి పైన తుడిచేస్తే గాళ్ళలో నలుపు మిగిలి, ఏళ్ళ తరబడి వాడిన ఇత్తడిలా కనిపిస్తుంది. మధ్యలో డాల్ఫిన్స్ నోస్ కొండ, దీపస్తంభం బొమ్మ పెట్టుకుంటే విశాఖ రేవులో లంగరు వేసిన ఓడలో కూర్చున్నట్లే ఉంటుంది.

తుప్పు మరకలు కూడా కావాలనుకునేవారు ముందు ఫిషింగ్ హార్బరుకు వెళ్ళి మరపడవలను గమనించాలి. తుప్పు ఎక్కడ పడితే అక్కడ రాదు. రివెట్ కింద, అతుకు కింద, నీరు నిలిచే అంచున మొదలై నీరు కారిన దారినే కిందికి దిగుతుంది. కావి రంగు, గోధుమ రంగు కలిపి స్పాంజితో ఆ చోట్లనే అద్దాలి. రెండు మూడు చోట్ల ఉంటే అందం. గోడంతా పూస్తే మాసిన గోడ అనిపిస్తుంది.

పూజ గది గోడకు ఇత్తడి, రాగి ఛాయలు వేయించుకునేవారికి పద్ధతి ఇదే. దీపం, కర్పూరం వెలిగించే చోటు మాత్రం గోడకు దూరంగా ఉండాలి. మసి పట్టిన మెరుపును గట్టిగా తోమితే మెరుపే పోతుంది.

చేయకూడనివి

ఖర్చు తగ్గుతుందని వెండి పొడిని సున్నం నీళ్ళలోగాని, సిమెంటు నీళ్ళలోగాని కలపరాదు. అల్యూమినియానికి సున్నం తగిలితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. మెరుపు పోవడం అటుంచి, మూత బిగించిన డబ్బా ఉబ్బి పేలవచ్చు. ఆ వాయువు నిప్పు తగిలితే మండుతుంది. సిమెంటు ఇటుకలను పొంగించి తేలిక చేయడానికి కర్మాగారాలలో వాడుకునేది ఈ చర్యనే.

టర్పెంటైన్, టిన్నర్ వాడే గదిలో పొయ్యి, దీపం, బీడీ ఏవీ ఉండరాదు. కిటికీలు తెరచి ఉంచాలి. నూనె తడిసిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా ఆరబెట్టి పారవేయాలి. వాసన పూర్తిగా పోయే వరకు పిల్లలను ఆ గదిలో పడుకోబెట్టరాదు.

ఒక్క గోడ చాలు

గదంతా లోహపు రంగు వేయిస్తే చిన్న గది మరీ ఇరుకవుతుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో నాలుగు గోడలు కలిపి 400 చదరపు అడుగులు. ఒక్క గోడ 100. ఖర్చు దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. మిగిలిన మూడింటికి లేత రంగు వేస్తే ఉక్కు గోడ ఇంకా బాగా కనిపిస్తుంది. ఆ ఒక్కటి కూడా బయటి వాన తగలని, స్నానాల గదికి ఆనుకోని లోపలి గోడను ఎంచుకోవాలి. పక్క నుంచి పడే చిన్న దీపం మెరుపును చూపుతుంది. ఎదురుగా ఉన్న ట్యూబులైటు కళ్ళలో గుచ్చుతుంది.

మేస్త్రితో మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగు రేటు ఒక్కటే అడిగితే చాలదు. లప్పం ఎన్ని సార్లు, ప్రైమరు ఉన్నదా లేదా, మెరుపు రంగు ఎన్ని పూతలు, పైన రక్షణ వార్నిష్ ఉన్నదా అన్నవి కాగితం మీద రాయించుకోవాలి. ముందుగా రెండడుగుల చెక్క పలక మీద నమూనా వేయించి, ఆ గదిలోనే పగలు ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూసి ఒప్పుకోవాలి. మిగిలిన రంగు కొంచెం దాచి ఉంచితే తరువాత గీతలు పడినప్పుడు అతుకు వేయవచ్చు. వన్ టౌన్, గాజువాక వంటి చోట్ల రేవు దుమ్ము, ఫ్యాక్టరీల దుమ్ము తప్పదు. దాన్ని మెత్తటి పొడిగుడ్డతో దులపాలే గాని, పీచుతో రుద్దరాదు.

ఉక్కు కోసం ప్రాణాలిచ్చిన ఊరు విశాఖ. 1966 ఉద్యమంలో 32 మంది బలి అయ్యారు. 1971లో పునాదిరాయి పడింది. 1992లో కర్మాగారం జాతికి అంకితమయింది. ఆ ఉక్కు కరిగించిన చేతులు, ఆ కర్మాగారానికి భూములిచ్చిన కుటుంబాలు ఈనాడు తమ ఇంటి గోడ మీద ఉక్కు రంగు చూసుకోవాలని ముచ్చటపడితే అందులో తప్పు లేదు. గట్టి ఉక్కుకైనా ఈ సముద్రపు గాలిలో తుప్పు పడుతుందని వారికి వేరే చెప్పనక్కరలేదు. వెంట్రుక కంటె పలచని రంగు పొర సంగతి ఇక చెప్పేదేముంది? అది నిలిచేదీ, రాలేదీ కింది గోడను బట్టే. గోడ ఆరే వరకు ఆగగలిగినవారు, పాత రంగు గోకే రోజున పిల్లలను ఇంట్లో ఉంచనివారు నిశ్చింతగా ఓడ గది చేయించుకోవచ్చు. అంత ఓపిక లేనివారికి బీచిలో కుర్సుర ఎలాగూ ఉన్నది. టిక్కెట్టు కొని పిల్లవాడిని మరొకసారి చూపించి తీసుకురావడం మేలు.